మారని కొలత: ఘనాకృతుల విక్షేపాలు, వాటి చరిత్ర, బోధన

పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు కొలతలున్న వస్తువును రెండు కొలతలే ఉన్న కాగితంపై ఏ ఒక్క కొలతా పోకుండా నిలపడం ఎట్లా అన్న ప్రశ్నకు చిత్రకారుడు ఒక విధంగా, ఇంజనీరు మరొక విధంగా సమాధానం కనుగొన్నారు. చిత్రకారుడు కంటికి కనిపించినట్టు గీస్తాడు కనుక అతని బొమ్మలో దూరమైనది చిన్నదవుతుంది, సమాంతర రేఖలు దూరాన ఒకచోట కలుస్తాయి. చూసేవారికి వస్తువు ఎదుటే ఉన్నట్టు అనిపించినా, ఆ బొమ్మపై స్కేలు పెట్టి కొలిచి వస్తువును తయారు చేయడం కుదరదు. ఇంజనీరు ఆ సహజత్వాన్ని తెలిసే వదులుకుని, వస్తువుపై ఉన్న ప్రతి బిందువు నుంచి ఒక తలానికి లంబరేఖలు దించి, అవి తలాన్ని తాకిన చోట్లను కలిపి, కొలవడానికి వీలైన రూపాన్ని సాధిస్తాడు. ఆ రూపానికే లంబ విక్షేపం అని పేరు. డ్రాయింగు హాలులో అందరూ దాన్ని ప్రొజెక్షన్ అనే అంటారు.

ఒక డ్రాయింగు అధ్యాపకుని స్మృత్యర్థం శిష్యులు ఏర్పాటు చేసిన ఈ ఉపన్యాసానికి ఘనాకృతుల విక్షేపాలను విషయంగా ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇంజనీరింగు మొదటి సంవత్సరంలోను, పాలిటెక్నిక్ డిప్లొమాలోను విద్యార్థులు అత్యధికంగా భయపడే అధ్యాయం అదే, అత్యధికంగా కంఠస్థం చేసే అధ్యాయమూ అదే. రేఖాగణితాన్ని కంఠస్థం చేయవలసి వచ్చిందంటే దాన్ని చెప్పే తీరులో ఎక్కడో లోపం ఉన్నదని ఒప్పుకోవాలి. గీతల నేర్పు ఇక్కడ రెండవ విషయం మాత్రమే. వస్తువును వంచినప్పుడు, తిప్పినప్పుడు ఏ కొలత మారుతుంది, ఏది మారకుండా నిలుస్తుంది అన్న విచారణే ఈ విద్యకు ప్రాణం, మారనిదాన్ని గుర్తించగలిగిన విద్యార్థికి మారినదాన్ని గీయడం కష్టం కాదు.

ఒక్క విక్షేపం వస్తువును నిర్ణయించలేదు. పైనుంచి చూసిన రూపమైన టాప్ వ్యూలో 50 మి.మీ. వ్యాసం గల వృత్తం కనిపిస్తే అది నిలబెట్టిన స్థూపం కావచ్చు, శంఖువు కావచ్చు, గోళమూ కావచ్చు. ఎదుటినుంచి చూసిన ఫ్రంట్ వ్యూలో దీర్ఘచతురస్రమో, త్రిభుజమో, వృత్తమో కనిపించిన తరువాతే సందేహం తీరుతుంది. రెండు వ్యూలు ఉన్నంత మాత్రాన ప్రతిసారీ చాలుతుందనీ లేదు. రెంటిలోనూ ఒకే కొలత గల చతురస్రమే కనిపించే వస్తువు ఘనం కావచ్చు, దానిని మూలనుంచి మూలకు ఏటవాలుగా కోస్తే వచ్చే త్రిభుజ పట్టకం కావచ్చు, పావు భాగం స్థూపమైనా కావచ్చు. వాటిని విడదీసి చెప్పేది పక్కనుంచి చూసిన రూపమే. కాబట్టి ఎన్ని వ్యూలు కావాలన్నది అలవాటుతో తేల్చవలసిన సంగతి కాదు, ఆ వస్తువు తనను తాను నిర్ణయించుకోవడానికి ఎన్ని అడుగుతుందో అన్ని కావాలి.

ఈ పద్ధతి పుట్టుక విద్యాలయాలలో జరగలేదు. ఐరోపాలో కమానులు, గుమ్మటాలు, మెలిక మెట్లు కట్టిన రాతిపనివారు ఒక్కొక్క రాయిని నేలమీదే సరిగా చెక్కి పైకి ఎత్తవలసి వచ్చేది; ఆ రాయి ముఖాల నిజరూపాలను ముందుగానే గీసుకోవడానికి వారు టాప్ వ్యూ అయిన ప్లాను, ఫ్రంట్ వ్యూ అయిన ఎలివేషన్‌ల జంటను వాడారు. ఆ పనితనాన్ని పుస్తకరూపంలోకి తెచ్చిన తొలివారిలో న్యూరెంబర్గ్ చిత్రకారుడు ఆల్‌బ్రెష్ట్ డ్యూరర్ ముఖ్యుడు. వృత్తలేఖిని, స్కేలుతో కొలిచి గీయడంపై 1525లో ఆయన జర్మన్ భాషలో వెలువరించిన గ్రంథంలో ఘనాకృతుల ముఖాలను విప్పి పరిచిన పటాలున్నాయి, శంఖువును తలంతో కోసినప్పుడు వచ్చే వక్రాలను ప్లాను, ఎలివేషన్‌ల నుంచి బిందువు తరువాత బిందువుగా సాధించే విధానమూ ఉంది.

ఆ గ్రంథంలోని ఒక పటం దగ్గర ఆగి చూడవలసిన అవసరం ఉంది. శంఖువును దాని అక్షానికి ఏటవాలుగా ఉన్న తలంతో పక్క గీతలన్నిటినీ దాటేట్టు కోస్తే వచ్చే వక్రం దీర్ఘవృత్తం. దాని రెండు కొనలూ ఒకే తీరుగా ఉంటాయి. డ్యూరర్ అనుసరించిన పద్ధతి నిర్దుష్టమైనదే, అయినా ఆయన గీసిన వక్రం కింది భాగం లావుగా ఉన్న గుడ్డు ఆకారంలో వచ్చింది, దానికి ఆయన పెట్టిన పేరు కూడా గుడ్డు గీత అనే. శంఖువు కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి కోత కింది సగం కూడా వెడల్పుగా ఉండాలని మనసు ముందే తీర్పు చెబుతుంది, ఆ తీర్పు ఎంత బలమైనదో అంతటి చిత్రకారుని చేయే సాక్ష్యం చెబుతున్నది. నేటి విద్యార్థులలోనూ చాలామంది అదే ఊహిస్తారు.

ఊహ ఎక్కడ తప్పుతున్నదో అంకెలతో తేల్చవచ్చు. శీర్షం నుంచి ఎంత లోతుకు దిగితే అందులో సగం వ్యాసార్ధం ఉండే శంఖువును తీసుకుని, కోసే తలం ఎడమ పక్క గీతను 40 మి.మీ. లోతున, కుడి పక్క గీతను 80 మి.మీ. లోతున తాకిందనుకుంటే, ఫ్రంట్ వ్యూలో ఆ కోత ఒక సరళరేఖగా, అక్షానికి ఎడమవైపు 20 మి.మీ. నుంచి కుడివైపు 40 మి.మీ. వరకు కనిపిస్తుంది. ఆ రేఖ మధ్యబిందువు అక్షం మీద పడదు. అక్షానికి కుడిగా 10 మి.మీ. జరిగి, 60 మి.మీ. లోతున ఉంటుంది. అక్కడ శంఖువు వ్యాసార్ధం 30 మి.మీ. కనుక, 30 వర్గంలోంచి 10 వర్గాన్ని తీసివేసి వర్గమూలం కడితే కోత సగం వెడల్పు సుమారు 28.3 మి.మీ. వస్తుంది. ఇప్పుడు మధ్యబిందువుకు రెండు వైపులా అడ్డంగా 15 మి.మీ. చొప్పున జరిగితే, ఎడమవైపు 50 మి.మీ. లోతున వ్యాసార్ధం 25, అక్షం నుంచి దూరం 5. కుడివైపు 70 మి.మీ. లోతున వ్యాసార్ధం 35, అక్షం నుంచి దూరం 25. మొదటిచోట 625లో 25 పోతే 600, రెండవచోట 1225లో 625 పోతే అదే 600. రెండుచోట్లా సగం వెడల్పు 24.5 మి.మీ. మాత్రమే. కిందికి దిగేకొద్దీ శంఖువు లావెక్కుతున్న మాట నిజమే గాని, కోత కూడా అక్షానికి దూరంగా జరిగిపోతూ ఆ లావును సరిగ్గా అంతే తగ్గిస్తున్నది. నిజరూపంలో దీర్ఘాక్షం 72.1 మి.మీ., హ్రస్వాక్షం 56.6 మి.మీ. గల నిఖార్సైన దీర్ఘవృత్తమే లభిస్తుంది. శంఖువులో పైన ఒకటి, కింద ఒకటి గోళాలను ఇమిడ్చి, లెక్కలతో పని లేకుండానే ఈ సత్యాన్ని నిరూపించే అందమైన మార్గాన్ని బెల్జియంకు చెందిన జెర్మినల్ డాండెలిన్ 1822లో చూపాడు. విక్షేపం కంటి ఊహను సరిదిద్దే సాధనమన్న మాటకు ఇంతకు మించిన నిదర్శనం దొరకడం కష్టం, కనుక ప్రతి తరగతిలోనూ ఈ కోతను విద్యార్థుల చేతనే గీయించడం మేలు.

చేతిపనిగా చెలామణి అవుతున్న ఈ జ్ఞానాన్ని శాస్త్రంగా నిలిపినవాడు గాస్పార్ మోంజ్. ఫ్రాన్సులోని బోన్ పట్టణంలో 1746లో ఒక చిన్న వ్యాపారి ఇంట పుట్టిన మోంజ్‌కు, మెజియేర్‌లోని సైనిక ఇంజనీరింగు పాఠశాలలో అధికారుల శ్రేణిలో చేరడానికి కావలసిన కులీన వంశం లేదు. నమూనాలు చేసే, పటాలు గీసే కింది విభాగంలో చోటు దొరికింది. కోట గోడలను ఎంత ఎత్తున, ఏ వరుసలో నిలిపితే చుట్టుపక్కల ఎత్తైన చోట్ల నుంచి శత్రువు నేరుగా కాల్చిన గుండు లోపలి భాగాలకు తగలదన్న సమస్యను ఆనాడు సుదీర్ఘమైన అంకగణితంతో సాధించేవారు. ఆ పనిని మోంజ్ రేఖాగణితంతో ఎంత త్వరగా ముగించాడంటే, అంత తక్కువ వ్యవధిలో లెక్క పూర్తికావడం అసాధ్యమని అధికారి మొదట దాన్ని పరిశీలించడానికే ఒప్పుకోలేదని చరిత్రకారులు చెబుతారు. పరిశీలించిన తరువాత ఆ పద్ధతి విలువ తెలిసి, సైన్యం దాన్ని రహస్యంగా ఉంచింది. ఫ్రెంచి విప్లవం వచ్చి, ఉపాధ్యాయులను తీర్చిదిద్దడానికి పారిస్‌లో ఎకోల్ నార్మాల్ తెరిచిన తరువాత 1795లో గాని మోంజ్ దాన్ని బహిరంగంగా బోధించలేకపోయాడు. ఆ పాఠాలే 1799లో గ్రంథంగా వెలువడి, వర్ణనాత్మక రేఖాగణితం అనే శాస్త్రానికి పునాది అయ్యాయి. వంశం లేదని పై తరగతికి రానివ్వని పాఠశాలకు ఆ యువకుడు ఇచ్చిన పద్ధతిని నేడు లోకంలోని ప్రతి వర్క్‌షాపూ వాడుతున్నదంటే, విద్యాలయాల తలుపులు ఎవరికి తెరుచుకోవాలన్న ప్రశ్న కూడా ఈ శాస్త్ర చరిత్రలో భాగమే.

మోంజ్ చేసినదేమిటంటే, ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు తలాలను స్థిరంగా ఊహించడం. ఒకటి నేలలా పరుచుకున్న క్షితిజ తలం, రెండవది గోడలా నిలిచిన ఊర్ధ్వ తలం. డ్రాయింగు తరగతిలో వీటిని హెచ్.పి., వి.పి. అంటారు. రెండూ కలిసే గీతకు ఎక్స్-వై రేఖ అని పేరు. క్షితిజ తలాన్ని ఆ రేఖ కీలుగా తిప్పి ఊర్ధ్వ తలంతో ఒకే చదునులోకి తెస్తే, రెండు విక్షేపాలూ ఒకే కాగితంపైకి వస్తాయి, వస్తువుపై ఒకే బిందువుకు చెందిన రెండు రూపాలూ ఎక్స్-వై రేఖకు లంబమైన ఒకే గీతపై నిలుస్తాయి. ఎక్స్-వై రేఖకు పైన ఉన్న ఫ్రంట్ వ్యూలో బిందువు ఎత్తు, కింద ఉన్న టాప్ వ్యూలో గోడ నుంచి బిందువు దూరం దొరుకుతాయి. ఈ రెండు కొలతలే తక్కిన కట్టడమంతటికీ మూలం.

రెండు తలాలూ కలిసి అంతరాళాన్ని నాలుగు పాదాలుగా విభజిస్తాయి. వస్తువును మొదటి పాదంలో ఉంచితే టాప్ వ్యూ ఫ్రంట్ వ్యూకు కింద వస్తుంది, మూడవ పాదంలో ఉంచితే పైన వస్తుంది. రెండు, నాలుగు పాదాలలో తలాన్ని తిప్పిన తరువాత రెండు వ్యూలూ ఎక్స్-వై రేఖకు ఒకే వైపున పడి ఒకదానిపై ఒకటి కమ్ముకుపోతాయి కనుక వాటిని ఎవరూ వాడరు. భారతీయ ప్రమాణాల సంస్థ పాఠశాలలు, కళాశాలల కోసం 1988లో వెలువరించిన ఎస్.పి. 46 సంపుటి మొదటి పాదం పద్ధతినే అనుసరించింది; అమెరికాలో మూడవ పాదం వాడుకలో ఉంది. వర్క్‌షాపులో ఈ భేదానికి ఖరీదు ఉంటుంది. ఒక పద్ధతిలో గీసిన పటాన్ని మరొక పద్ధతిలో చదివితే ఎడమ పక్కన ఉండవలసిన రంధ్రం కుడి పక్కకు పోతుంది, తయారైన వస్తువు కొలతలన్నీ సరిగా ఉండి కూడా పనికిరాకుండా పోతుంది. తల కోసిన శంఖువు రెండు వ్యూలతో చేసిన చిన్న గుర్తును పటం మూల ఉంచేది ఇందుకే.

ఇప్పుడు ఒక ఉదాహరణను చివరంటా నడిపించవచ్చు. అడుగు ముఖం 30 మి.మీ. భుజం గల క్రమ షడ్భుజిగా, అక్షం 60 మి.మీ. పొడవుగా ఉన్న పిరమిడ్ ఒక పక్క ముఖంపై నేలమీద పడుకుని ఉన్నది, దాని అక్షం ఊర్ధ్వ తలానికి ఏటవాలుగా తిరిగి ఉన్నది అనుకుంటే, ఆ స్థితిని ఒక్కసారిగా గీయడం సాధ్యం కాదు. కారణం, ఆ స్థితిలో కొలతలు తెలిసిన ఏ ముఖమూ ఏ తలానికీ నిజరూపంలో ఎదురుగా లేదు; నేలపై ఆనిన ముఖం ఒక్కటే హెచ్.పి.లో నిజరూపంలో పడుతుంది గాని, దాని కొలతలు ప్రశ్నలో నేరుగా ఇవ్వలేదు. అందుకని అన్ని కొలతలూ తెలిసిన స్థితిలో మొదలుపెట్టి, వంచి, ఆ తరువాత తిప్పాలి.

మొదటి దశలో పిరమిడ్‌ను నిటారుగా నిలబెడతారు. టాప్ వ్యూలో షడ్భుజి నిజరూపంలో వస్తుంది. దానిలో ఒక భుజం ఎక్స్-వై రేఖకు లంబంగా ఉండాలన్నది నియమం. విద్యార్థులు ఈ నియమాన్ని పద్యపాదంలా అప్పజెప్పుతారు గాని, ఎందుకని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. పిరమిడ్ ఆ అంచు కీలుగా పక్కకు ఒరగబోతున్నది. కీలు ఊర్ధ్వ తలానికి లంబంగా ఉంటేనే ఫ్రంట్ వ్యూలో అది ఒక బిందువుగా కనిపిస్తుంది, ఫ్రంట్ వ్యూ మొత్తం ఆ బిందువు చుట్టూ ఆకారం చెడకుండా తిరుగుతుంది. ఫ్రంట్ వ్యూలో అడుగు ముఖం 52 మి.మీ. గీతగా, శీర్షం దాని నడిమధ్య 60 మి.మీ. ఎత్తున, కీలు అంచుకు చేరిన పక్క ముఖం కూడా ఒక ఏటవాలు గీతగా కనిపిస్తాయి. ఆ గీత పొడవు 65.4 మి.మీ.; అది ఆ త్రిభుజ ముఖపు నిజమైన ఎత్తు.

రెండవ దశలో ఆ 65.4 మి.మీ. గీత ఎక్స్-వై రేఖపై ఆనేట్టు ఫ్రంట్ వ్యూను మళ్లీ గీయాలి. ఆకారం మారదు, వాలు మాత్రమే మారుతుంది. అక్షం నేలతో 23.4 డిగ్రీల కోణం చేస్తుంది. ఈ కోణం ఇవ్వబడినది కాదు, పిరమిడ్ కొలతలే దాన్ని తేల్చాయి. ఈ ఒరగడంలో వస్తువుపై ఏ బిందువూ గోడకు దగ్గరగా గాని దూరంగా గాని జరగలేదు, ఎందుకంటే కీలు గోడకు లంబంగా ఉన్నది. కాబట్టి మొదటి టాప్ వ్యూలోని ప్రతి బిందువు నుంచి అడ్డంగా గీతలు, కొత్త ఫ్రంట్ వ్యూలోని అదే బిందువు నుంచి నిలువుగా గీతలు గీసి, అవి కలిసినచోట బిందువు పెడితే కొత్త టాప్ వ్యూ సిద్ధమవుతుంది. గోడవైపు లోతులన్నీ అట్లాగే నిలిచినందున షడ్భుజి ఒక దిశలో తన 60 మి.మీ. వెడల్పును నిలుపుకుంటుంది, రెండవ దిశలో మాత్రం 52 మి.మీ. కాస్తా 20.6 మి.మీ.కు ముడుచుకుపోతుంది. అక్షం కూడా టాప్ వ్యూలో 60కి బదులు 55.1 మి.మీ.గానే కనిపిస్తుంది.

ఏ గీత కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్న విచారణ ఇక్కడే అవసరమవుతుంది. పడుకున్న వస్తువు అడుగు ముఖం పైనుంచి చూస్తే కనబడదని చాలామంది అనుకుని దాన్ని చుక్కల గీతగా వేస్తారు. నిజానికి శీర్షం నేలను తాకుతున్నది, అడుగు ముఖపు మధ్యబిందువు నేలకు 23.8 మి.మీ. ఎత్తున ఉన్నది, అంటే అడుగు ముఖం కొద్దిగా ఆకాశంవైపు తిరిగి ఉన్నది, అందువల్ల దాని ఆరు అంచులూ పైనుంచి కనిపిస్తాయి, వాటిని నిండు గీతలతోనే వేయాలి. కనిపించనివి రెండే గీతలు: నేలపై ఉన్న అంచు రెండు కొనల నుంచి శీర్షానికి పోయే పక్క అంచులు. అవి వస్తువు పొట్ట కింద ఉన్నాయి. పిరమిడ్‌ను ఒక పక్క ముఖంపై పడుకోబెట్టక, అడుగు ముఖపు ఒక అంచుపై నిలిపి శీర్షం పైకి ఉండేట్టు కాస్త వంచితే ఈ తీర్పు తారుమారై, అడుగు ముఖం నేలవైపు తిరుగుతుంది. కనుక ముఖం ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో చూసి నిర్ణయించాలే తప్ప, గత ప్రశ్నలోని బొమ్మను జ్ఞాపకం చేసుకుని కాదు. బయటి సరిహద్దు గీత ఎప్పుడూ కనిపిస్తుందన్న ఒక్క నియమాన్ని మాత్రం ఎక్కడైనా నమ్మవచ్చు.

మూడవ దశలో టాప్ వ్యూను ఉన్నది ఉన్నట్టుగా తిప్పుతారు. వస్తువు నిలువు ఇరుసు చుట్టూ తిరుగుతున్నది కనుక ఈసారి మారనివి ఎత్తులు. అడుగు ముఖపు పై అంచు 47.7 మి.మీ. ఎత్తున ఉన్నదని రెండవ దశ చెప్పింది. ఎంత తిప్పినా చివరి ఫ్రంట్ వ్యూలో అది 47.7 మి.మీ. ఎత్తునే ఉండి తీరాలి. పటం సరిగా వచ్చిందో లేదో పరీక్షించుకోవడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు.

అధ్యాయం మొత్తంలో అత్యంత సూక్ష్మమైన సంగతి కూడా ఈ దశలోనే ఉంది. అక్షపు టాప్ వ్యూ ఊర్ధ్వ తలంతో 45 డిగ్రీలు చేస్తున్నదని ఒక ప్రశ్న చెప్పవచ్చు, అక్షమే ఊర్ధ్వ తలంతో 45 డిగ్రీలు చేస్తున్నదని మరొక ప్రశ్న చెప్పవచ్చు. చదవడానికి రెండూ ఒకటిగానే ఉంటాయి, పటాలు మాత్రం వేరు. అక్షం ఇప్పటికే నేలకు 23.4 డిగ్రీలు వాలి ఉన్నందున టాప్ వ్యూలో కనిపించే కోణం నిజమైన కోణం కంటే పెద్దదిగా ఉంటుంది. నిజకోణపు సైన్ విలువను వాలు కోణపు కొసైన్ విలువతో భాగిస్తే కనిపించే కోణపు సైన్ వస్తుంది. ఈ ఉదాహరణలో 0.707ను 0.918తో భాగిస్తే 0.770, అంటే సుమారు 50.4 డిగ్రీలు. లెక్కతో పని లేకుండా, అక్షపు నిజమైన పొడవును ఎక్స్-వై రేఖకు 45 డిగ్రీలలో గీసి, దాని కొన గోడ నుంచి ఎంత దూరంలో ఉందో అంత దూరంలో ఒక సమాంతర రేఖ గీసి, 55.1 మి.మీ. వ్యాసార్ధపు చాపంతో దాన్ని ఖండించినా ఇదే కోణం దొరుకుతుంది. అయిదు డిగ్రీల తేడా కాగితంపై చిన్నదే, పైపులు కలిసే కీలు దగ్గరో, రేకు కత్తిరించే బల్ల దగ్గరో మాత్రం అది అతుకు కలవకపోవడానికి చాలినంత పెద్దది.

మూడు దశల పద్ధతి పరీక్షకు అనువైనదే, అయితే దాన్ని ఒక్కదాన్నే నేర్పడం వల్ల వస్తువే కదులుతుంది, చూసేవాడు కదలడు అన్న భావం విద్యార్థిలో పాతుకుపోతుంది. వస్తువును ఉన్నచోటే ఉంచి, దానికి అనువైన కొత్త తలాన్ని నిలిపి, ఆ తలంపై విక్షేపం తీసుకోవడం రెండవ మార్గం; దీన్ని సహాయక తలాల పద్ధతి అంటారు. మోంజ్ సంప్రదాయంలో తలాలను మార్చే ఈ పద్ధతిని క్రమబద్ధం చేసిన ఘనత 1829లో పారిస్‌లో ఎకోల్ సెంట్రాల్‌ను స్థాపించినవారిలో ఒకడైన థియొడోర్ ఒలివియేకు చెందుతుంది. వక్రతలాలు ఎట్లా ఏర్పడతాయో చూపడానికి ఆయన దారాలు బిగించి చేసిన నమూనాలు నేటికీ పారిస్ కళలు, వృత్తుల మ్యూజియంలోను, అమెరికాలోని యూనియన్ కళాశాలలోను ఉన్నాయి. చట్రాన్ని కదిపితే దారాలు వాలి ఒక తలం మరొక తలంగా మారడం కంటిముందు జరుగుతుంది. పాఠంలో పేజీల కొద్దీ చెప్పినా అందని సంగతి అక్కడ ఒక్క కదలికతో అందుతుంది. అటువంటి నమూనాలు ఏ పాలిటెక్నిక్ వర్క్‌షాపులోనైనా విద్యార్థులే తయారు చేయగలిగినవి, వాటికి ఖర్చు కూడా స్వల్పం.

భారతదేశంలో ఇంజనీరింగు విద్య గిండీలో 1794లో మొదలైన సర్వే పాఠశాలతోను, రూర్కీలో 1847లో మొదలైన కళాశాలతోను వేళ్లూనింది. తెలుగు నేలపై ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల 1929లో, కాకినాడ ఇంజనీరింగు కళాశాల 1946లో ఏర్పడ్డాయి. ఎన్.డి. భట్ ఇంజనీరింగ్ డ్రాయింగ్ పుస్తకం, మినీ డ్రాఫ్టరు, పదునుగా చెక్కిన 2హెచ్ పెన్సిలు ఎన్నో తరాల విద్యార్థులకు మొదటి సంవత్సరం సామగ్రి అయ్యాయి. పల్లెల నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి మొదటి నెలలోనే తడబడేది గీతల దగ్గర కాదు, ప్రశ్నలోని ఇంగ్లీషు వాక్యం దగ్గర. అతనికి వస్తువు తెలుసు, పాత్రకు రేకు చుట్టడం చూశాడు, బండి చక్రం ఆకులు చూశాడు. ఆ వస్తువును ప్రశ్న ఏ స్థితిలో ఉంచిందో మాత్రం వాక్యం అందనివ్వదు. ప్రశ్నను ముందు తెలుగులో చెప్పించి, చేతిలో సబ్బు ముక్కతోనో బంకమట్టితోనో చేసిన పిరమిడ్‌ను ఆ స్థితిలో బల్లపై పెట్టించి, ఆ తరువాత పెన్సిలు పట్టించే అధ్యాపకులు తెలుగు రాష్ట్రాలలో ఉన్నారు, వారి తరగతులలో ఈ అధ్యాయం ఎవరినీ భయపెట్టదు.

కంప్యూటరు వచ్చాక ఇదంతా అవసరమా అన్న ప్రశ్న తరచు వినిపిస్తుంది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018 నాటి నమూనా పాఠ్యప్రణాళికలో గ్రాఫిక్స్‌తో పాటు కంప్యూటరు డ్రాయింగును కూడా చేర్చింది, అది మంచి నిర్ణయమే. సాఫ్ట్‌వేర్‌లో ఘనాకృతిని నిర్మిస్తే అన్ని వ్యూలనూ, కనిపించని గీతలతో సహా, అదే క్షణంలో గీసి ఇస్తుంది. అయితే ఆ యంత్రం లోపల జరిగే పని మోంజ్ చెప్పినదే. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1963లో టిమొథీ జాన్సన్ మూడు కొలతల వస్తువులను తెరపై గీసే స్కెచ్‌ప్యాడ్-3ను రూపొందించినప్పుడు, ఆ తెరను నాలుగు భాగాలు చేసి మూడింటిలో టాప్, ఫ్రంట్, సైడ్ వ్యూలను, నాలుగవదానిలో దూరదృశ్యాన్ని చూపాడు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ వస్తువును తిప్పే ప్రతిసారీ ఒక భ్రమణ మాత్రికతో ప్రతి బిందువునూ గుణిస్తుంది. ముందు వంచి తరువాత తిప్పితే ఒక స్థితి, ముందు తిప్పి తరువాత వంచితే వేరొక స్థితి వస్తాయి, ఎందుకంటే మాత్రికల గుణకారంలో వరుస మారితే ఫలితం మారుతుంది. మూడు దశలను ఆ వరుసలోనే ఎందుకు గీయాలో కాగితంపై గ్రహించిన విద్యార్థికి తెరపై వస్తువు ఊహించని వైపు తిరిగినప్పుడు కారణం తోస్తుంది. గ్రహించనివారు మౌస్‌ను అటూ ఇటూ కదుపుతూ అదృష్టం మీద ఆధారపడతారు.

కాబట్టి మార్చవలసినది పాఠ్యాంశం కన్నా ముందుగా పరీక్ష. ప్రస్తుతం ప్రశ్నపత్రం స్థితిని వర్ణించి పటం అడుగుతుంది, మార్కులు చివరి పటానికి పడతాయి. దశల వరుసను కంఠస్థం చేసినవారూ, అర్థం చేసుకున్నవారూ అక్కడ ఒకే వరుసలో నిలుస్తారు. దీనికి విరుద్ధ దిశలో కూడా అడగవచ్చు. చివరి రెండు వ్యూలనూ ఇచ్చి, పిరమిడ్ అక్షం నేలతోను, గోడతోను చేసే నిజమైన కోణాలను, పక్క ముఖపు నిజమైన ఎత్తును తేల్చమంటే, విద్యార్థి దశలను వెనక్కి నడవవలసి వస్తుంది. వెనక్కి నడవడానికి ప్రతి అడుగులోనూ ఏ కొలత చెక్కుచెదరలేదో తెలిసి ఉండాలి. ప్రతి దశ పక్కన, ఇక్కడ మారనిది ఏది, ఎందుచేత అని రెండు పంక్తుల్లో, విద్యార్థికి వచ్చిన భాషలో, తెలుగులోనైనా సరే రాయమని, ఆ పంక్తులకు పటంతో సమానంగా మార్కులు కేటాయించవచ్చు. విశ్వవిద్యాలయ బోర్డులు ఒక ప్రశ్నతోనైనా దీన్ని వచ్చే సంవత్సరం నుంచే మొదలుపెట్టవచ్చు. దానికి కొత్త ప్రయోగశాల గాని, కొత్త సాఫ్ట్‌వేర్ గాని అక్కరలేదు, మూల్యాంకనం చేసే అధ్యాపకులకు ఒక పూట శిక్షణ చాలు.